నీటి నడుమ వేడెక్కు ఇంజను

మోటారు కారు దారిలో వేడెక్కి ఆగిపోయినదనిన ఎవరికిని ఆశ్చర్యము కలుగదు. దాని రేడియేటరులో నుండునది కొన్ని లీటర్ల నీరు మాత్రమే. ఆ నీరు కారిపోయినను, గాలి విసరు పంకా నిలిచిపోయినను, ఇంజను మరిగి ఆవిరి చిమ్మును. కాని నాలుగు వైపుల నీరే యున్న పడవలో ఇంజను వేడెక్కుట వింతగా తోచును. సముద్రమంత నీరు చేతికందుచుండగా దానికి లోటేమి? అయినను, వేగమునకై నిర్మింపబడిన మోటారు పడవలలో ఇంజను పాడగుటకు గల ముఖ్య కారణములలో వేడెక్కుట ఒకటి. అందులోను, శక్తిని పెంచిన ఇంజనును అమర్చి, చల్లార్చు ఏర్పాటును మాత్రము పాతదానినే ఉంచుకొన్న పడవలకు ఈ బెడద తరచుగా వచ్చును.

ఆగిన కారును ప్రక్కకు నెట్టి నిలుపవచ్చును. తీరమునకు పది మైళ్ళ దూరమున ఇంజను ఆగిన పడవకు అట్టి వీలు లేదు. గాలియు, కెరటమును ఎటు త్రోసిన అటు అది పోవలసినదే. చేపల వేటకు పోవువారికిని, ఆపదలో నున్నవారిని కాపాడబోవు పడవలవారికిని ఇది ప్రాణముతో ముడిపడిన విషయము. ఇందలి శాస్త్రమో, చాలవరకు ఉన్నత పాఠశాల పుస్తకములలోనిదే.

ముందుగా వేడి ఎంతో లెక్క చూడవలెను. పెట్రోలు ఇంజనులో మండు ఇంధనపు శక్తిలో మూడవ వంతు, లేక అంతకు తక్కువ మాత్రమే ఇరుసును త్రిప్పుటకు ఉపయోగపడును. ఇంచుమించు మరియొక మూడవ వంతు పొగతో బయటికి పోవును. మిగిలినది సిలిండరు గోడలకును, పైనుండు హెడ్డునకును, నూనెకును అంటును. మండు వాయువుల ఉష్ణోగ్రత క్షణకాలము 2000 సెంటిగ్రేడు డిగ్రీలను దాటును. పిస్టనులు చేయు అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. సిలిండరు గోడపై నుండు పలుచని నూనెపొర అంతకంటె చాల తక్కువ వేడికే చెడును. కావున గోడలకంటిన వేడిని అంటినది అంటినట్లు తీసివేయుచుండవలెను. ఒక నిమిషము ఆలస్యమైనను ముప్పే.

300 అశ్వశక్తి గల ఇంజనును ఉదాహరణముగా తీసికొన్నచో, ఒక అశ్వశక్తి 746 వాట్లు గనుక, దాని శక్తి సుమారు 224 కిలోవాట్లు. పైన చెప్పిన పాలు ప్రకారము నీరు తీసికొనిపోవలసిన వేడియు ఇంచుమించు ఇంతే యనుకొనవచ్చును. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు 4.2 కిలోజౌళ్ళు కావలెను. లోనికి వచ్చు నీరు 25 డిగ్రీలు వేడెక్కి బయటికి పోవుననిన, లీటరు ఒక్కింటికి 105 కిలోజౌళ్ళు. 224ను 105 చేత భాగించినచో సెకనుకు రెండు లీటర్లకు పైగా, అనగా నిమిషమునకు 128 లీటర్లు. పదునైదు లీటర్ల బిందెతో కొలిచినచో నిమిషమునకు ఎనిమిది తొమ్మిది బిందెలు! ఇంజనును 450 అశ్వశక్తికి పెంచినచో ఈ లెక్క పదమూడు బిందెలకు చేరును. పంపు, గొట్టములు మాత్రము ఎనిమిది తొమ్మిది బిందెలకు సరిపోవునట్లు చేసినవే యుండును. చిక్కంతయు ఇక్కడనే ప్రారంభమగును.

ఇంతే శక్తి గల ఇంజను కారులో నున్నప్పుడు ఈ బాధ ఏల లేదని విద్యార్థులు అడుగవచ్చును. సమతలమైన రోడ్డుపై సాగు కారునకు ఇరువది ముప్పది అశ్వశక్తి చాలును. పూర్తి శక్తి కావలసినది ముందున్న లారీని దాటు కొద్ది క్షణములు మాత్రమే. వేగపు పడవ సంగతి వేరు. నీటి నిరోధము గాలి నిరోధము కంటె ఎన్నో రెట్లు ఎక్కువ, అదియు ఎడతెగనిది. ఆ పడవలోని ఇంజను, బరువు వేసికొని గంటల తరబడి కొండనెక్కుచున్న కారు ఇంజను వంటిది.

సూటి పద్ధతి

ఈ పోలిక ఊరక చెప్పినది కాదు. పడవలకై వేరుగా పెద్ద ఇంజనులను తయారుచేయుట ఖర్చుతో కూడిన పని యగుటచే, కారు ఇంజనులనే మార్చి పడవలలో నమర్చుట వాడుక. అమెరికాలో షెవర్లే కంపెనీ 1955లో వెలువరించిన ‘వి’ ఆకారపు ఎనిమిది సిలిండర్ల ఇంజను ఇందులకు మంచి ఉదాహరణము. 1967లో వచ్చిన దాని 5.7 లీటర్ల రూపము ఎన్నెన్నో పడవలలో చోటు సంపాదించుకొనినది. ఇట్టి ఇంజనును పడవలోనికి మార్చునప్పుడు రేడియేటరును, పంకాను తీసివేయుదురు. వాని స్థానమున వెలుపలి నీటిని లోనికి తెచ్చు పంపు నొకదానిని చేర్చుదురు.

అన్నిటికంటె సులభమైన ఏర్పాటులో, పంపు లాగిన సముద్రపు నీరో చెరువు నీరో సూటిగా ఇంజను లోపలి నీటి దారులలో ప్రవహించును. అక్కడ వేడెక్కిన పిదప పొగగొట్టముల చుట్టునున్న తొడుగులలోనికి పోయి వానిని చల్లార్చును. చివరకు పొగతోనే కలసి పడవ వెనుకనుండి బయటపడును. ఇందలి తెలివి మెచ్చదగినది. నీటితో కలసిన పొగ ఎంతగా చల్లబడుననగా, ఆ తరువాతి గొట్టమును రబ్బరుతోనే చేయవచ్చును. రేడియేటరు లేదు, బరువు లేదు, వెల తక్కువ. మంచినీటి సరస్సులలో విహరించు చిన్న పడవకు ఇంతకు మించినది అవసరము లేదు.

సముద్రములో మాత్రము ఈ పద్ధతికి ఒక హద్దు కలదు. సముద్రపు నీటితో సూటిగా చల్లార్చు ఇంజనులలో ఉష్ణోగ్రతను సుమారు 60 డిగ్రీల వద్ద నిలుపుదురు. ఇంతకంటె వేడెక్కనిచ్చినచో ఉప్పు పేరుకొని దారులు పూడిపోవునని సాధారణముగా చెప్పుదురు. ఇది సగము మాత్రమే నిజము. సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు కలవు. వానిలో ముఖ్యమైన వంటయుప్పు వంద గ్రాముల నీటిలో 36 గ్రాముల వరకు కరగగలదు. నీరు వేడెక్కిన కొలది మరికొంచెము ఎక్కువగనే కరగును. కావున అది అడుగునకు దిగదు. దిగునవి కాల్షియము లవణములు. సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 0.4 గ్రాము కాల్షియము కలదు. వేడి తగిలినప్పుడు కరగియున్న బైకార్బొనేటు విచ్ఛిన్నమై కాల్షియము కార్బొనేటుగా మారి గట్టిపడును. కాల్షియము సల్ఫేటు గుణము మరియు విపరీతము: నీరు మిక్కిలి వేడెక్కిన కొలది దాని కరగు గుణము తగ్గును. అందుచే ఈ రెండును చల్లని చోట్లను విడిచి, ఇంజనులో ఎక్కడ వేడి అధికమో సరిగా అక్కడనే పొలుసు కట్టును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒక గాజు పాత్రలో వాననీటిని తీసికొని, వంద గ్రాములకు మూడున్నర గ్రాముల చొప్పున వంటయుప్పు కలిపి, సగమునకు మరగింపవలెను. వేరొక పాత్రలో గట్టి జలమైన బోరు నీటిని పోసి అట్లే చేయవలెను. మొదటి పాత్రలోని నీరు తేటగా నుండును. రెండవ దాని గోడలపై తెల్లని పూత కనబడును. నీళ్ళు కాచుకొను బాయిలరు అడుగున ఏర్పడు పొలుసు ఇదే.

ఈ పొలుసు వేడిని మిక్కిలి మందముగా ప్రసరింపజేయును. ఇనుముతో పోల్చినచో దాని ఉష్ణవాహకత ఇరువదవ వంతైనను ఉండదు. ఇంజను హెడ్డులో పొగ కవాటము వద్ద ఒక చదరపు సెంటీమీటరు గుండ 20 వాట్ల వేడి పోవుచున్నదనుకొన్నచో, ఒక్క మిల్లీమీటరు మందపు పొలుసునకు ఈవలి ప్రక్కకును ఆవలి ప్రక్కకును నడుమ దాదాపు 100 డిగ్రీల తేడా ఏర్పడును. వేడిమానిని నీటిలో నుంచుదురు గనుక, అది 60 డిగ్రీలనే చూపుచుండును. లోపలి ఇనుము మాత్రము దానికంటె వంద డిగ్రీలు ఎక్కువగా కాగుచుండును. పడవ నడుపువాడు ముల్లును చూచి నిశ్చింతగా నుండును! చల్లార్చు ఏర్పాటును మెరుగుపరచుట యనిన ఎక్కువ నీటిని తెచ్చుట మాత్రమే కాదని దీనివలన తెలియును. ఇనుమునకును నీటికిని నడుమ వచ్చు అడ్డును తొలగించుటయే అసలు పని. పొలుసు అట్టి అడ్డులలో ఒకటి మాత్రమే.

మరి, ఇంజనును ఎల్లప్పుడును 60 డిగ్రీలకు లోబడియే ఉంచినచో సరిపోదా? సరిపోదు. అంత చల్లని సిలిండరు గోడలపై పెట్రోలు ఆవిరి తిరిగి ద్రవమై నూనెను పలుచబరచును. దహనమున పుట్టిన నీటి ఆవిరియు గోడలపై చెమర్చి, నూనెతో కలసి జిగట మడ్డియగును. సిలిండర్లు త్వరగా అరుగును. ఇంజనునకు చలియు చేటే.

రెండు నీళ్ళ పద్ధతి

వేడి పాలగిన్నెను చన్నీళ్ళ పళ్ళెములో నుంచి చల్లార్చుట ప్రతి ఇంటను జరుగునదే. పాలును నీరును కలియవు. వేడి మాత్రము గిన్నె గోడ దాటి నీటిలోనికి పోవును. శక్తిని పెంచిన పడవ ఇంజనులకు సాధారణముగా చేయు మొదటి మార్పు ఈ సూత్రముపైననే ఆధారపడియున్నది. ఇంజనులో ఎప్పటికిని ఒకే శుభ్రమైన నీరు తిరుగుచుండును. ఆ నీరు హీట్ ఎక్స్‌చేంజరు అను పేటికలోనికి వచ్చి, సముద్రపు నీరు ప్రవహించు సన్నని గొట్టముల కట్టను ఒరసికొనుచు, వేడిని దానికిచ్చి తిరిగి ఇంజనులోనికి పోవును. గొట్టములను రాగి, నికెలు కలిసిన లోహముతో చేయుదురు. సముద్రపు నీరు దానిని సులభముగా తినివేయలేదు. రెండు నీళ్ళను ఎదురెదురుగా ప్రవహింపజేసినచో, పేటిక పొడవునను వాని ఉష్ణోగ్రతల తేడా నిలుచును గనుక ఫలితము హెచ్చు.

లోపలి నీరు మారనిది గనుక అందలి కొద్దిపాటి కాల్షియము ఒకసారి దిగిన పిదప కొత్తది చేరదు. అందుచే ఇంజనును 75, 80 డిగ్రీల వద్ద నిర్భయముగా నడుపవచ్చును. ఇంతేకాదు, మూసిన దారి గనుక అందు పీడనమును పెంచవచ్చును. ప్రెషరు కుక్కరులో జరుగునది ఇదే: వాతావరణ పీడనమునకు మరియొక వాతావరణ పీడనము తోడైనచో నీరు 100 డిగ్రీలకు మారుగా సుమారు 120 డిగ్రీలకు మరగును. నీటిలో సగము ఇథిలీను గ్లైకాలు కలిపినచో మరుగు స్థానము ఇంకను పెరుగును. చలిదేశములలో గ్లైకాలును నీరు గడ్డకట్టకుండుటకై వాడుదురు. ఉష్ణదేశములలో దాని ప్రయోజనము మరుగు స్థానమును పెంచుటయు, దానితో కలిపియుంచు మందుల వలన తుప్పును ఆపుటయు. అయితే ఆ మిశ్రమము వట్టి నీటి కంటె పది పదునైదు శాతము తక్కువ వేడిని మోయును. ఈ లోటును పూరించునట్లు పంపు నుండవలెను.

పేటిక పరిమాణమును నిర్ణయించుటలో జరుగు పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పదగియున్నది. గొట్టముల గోడ దాటిపోవు వేడి, రెండు నీళ్ళ ఉష్ణోగ్రతల తేడాపై ఆధారపడును. ఉత్తర అమెరికాలోని చల్లని సరస్సులో నీరు 15 డిగ్రీల వద్దను, లోపలి నీరు 75 డిగ్రీల వద్దను ఉన్నదనిన తేడా 60 డిగ్రీలు. బంగాళాఖాతపు పైనీరు సంవత్సరములో చాల భాగము 28, 29 డిగ్రీలుండును. అక్కడ తేడా 46 డిగ్రీలు మాత్రమే. అదే పేటిక, అదే ఇంజను; కాని తీసివేయగల వేడి ముప్పాతిక వంతునకు పడిపోవును. చల్లని సరస్సులో పరీక్షించి మెచ్చుకొనిన ఏర్పాటు విశాఖపట్టణపు తీరమున చాలకపోవుట ఈ కారణముననే. మర పడవల డీజిలు ఇంజనులకును ఈ లెక్క వర్తించును.

ఈ పద్ధతిలోను సముద్రపు నీరు పూర్తిగా తొలగిపోదు. పొగగొట్టముల తొడుగులను చాల పడవలలో ఇప్పటికిని ఆ నీటితోనే చల్లార్చుదురు. వేడి, ఉప్పు, పొగలోని ఆమ్లములు మూడును కలియుచోట ఇనుము లోలోపల తినివేయబడును. వెలుపలికి ఏమియు కనబడదు. తొడుగు చిల్లిపడినచో, ఇంజను ఆగియున్నప్పుడు నీరు మెల్లగా కవాటము దాటి సిలిండరులోనికి దిగును. మరునాడు ఇంజనును త్రిప్పినచో, గాలివలె నీరు అణగదు గనుక, పిస్టనును మోయు కడ్డీ వంగిపోవును. అందుచే ఈ వంపు గొట్టములను కాలము చూచి మార్చుటయే గాని, చిల్లిపడు వరకు ఆగుట తెలివి కాదు. ఎక్స్‌చేంజరులో జింకు కడ్డీ నొకదానిని బిగించుటయు ఇట్టి జాగ్రత్తయే. రాగి కంటె జింకు ముందుగా అయానులుగా మారునని రసాయన శాస్త్రములో చదివినవారికి దాని పని చెప్పనక్కరలేదు.

పెనము మీది నీటిబొట్టు

రెండవ అడ్డు ఆవిరి. దోసెల పెనము కాగినదో లేదో చూచుటకు దానిపై నీరు చిలుకరించుదురు. పెనము తగినంత కాగినప్పుడు నీరు చుయ్యిమని ఇగిరిపోవును. మితిమీరి కాగినచో నీరు ఇగిరిపోక, గుండ్రని బొట్లుగా పెనముపై పరుగులిడును. బొట్టు అడుగున ఏర్పడిన ఆవిరి పొర దానిని పెనమునకు తగులనీయకుండ పైకెత్తుటయే ఇందులకు కారణము. జర్మనీ వైద్యుడు యోహాన్ లైడెన్‌ఫ్రోస్ట్ 1756లో దీనిని వర్ణించెను.

ఇంజను హెడ్డులోను ఈ రెండు దశలు కలవు. కవాటముల నడుమ ఇనుము బాగుగా వేడెక్కినప్పుడు, అక్కడి నీరు చిన్న చిన్న బుడగలుగా మరిగి, బుడగలు వెంటనే చల్లని ప్రవాహములో కలసి మాయమగును. ఇది మేలే, ఆవిరియగునప్పుడు నీరు చాల వేడిని గ్రహించును గదా! కాని ప్రవాహము మందమైనచో బుడగలు కలసిపోయి ఆవిరి పొరగా నిలుచును. ఆవిరి వేడిని ప్రసరింపజేయుటలో నీటికి చాల వెనుకబడినది. ఆ క్షణమునుండి అక్కడి ఇనుము ఉష్ణోగ్రత హఠాత్తుగా పెరిగి, హెడ్డు వంగుటయో, చీలుటయో, గాస్కెట్టు కాలుటయో జరుగును. ఇంజను శక్తిని పెంచినవారు ముందుగా భయపడవలసినది ఈ చిన్న చోటులను గూర్చి. నీరు మొత్తము సగటున ఎంత వేడిగా నున్నదన్నది తరువాతి మాట. పీడనపు మూతయు, వేగముగా త్రిప్పు పంపును ఉపయోగపడునది ఇక్కడనే.

మూడవ అడ్డగు గాలిని పట్టుకొనుట మరియు కష్టము. నీటి దారిలో చిక్కిన గాలి ఎత్తైన చోటికి చేరును. కారులో ఆ చోటు స్థిరము. వేగపు పడవ ముందుభాగము పైకిలేచి పరుగిడును. తీరమున నిలిచినప్పుడు సమతలముగా నుండును. కాబట్టి ఇంజనులో ఎత్తైన చోటే మారుచుండును! పడవ ఏ వాలున నున్నను గాలి తప్పించుకొనునట్లు, సన్నని గొట్టములను పైనున్న చిన్న తొట్టికి కలుపుట దీనికి తగిన ఉపాయము.

విమానమున, కారున, పడవలో

వేగమునకై చేసిన ఇంజనులను చల్లార్చుట ఎంత చిక్కు పనియో ఒక బ్రిటిషు ఇంజను చరిత్ర చక్కగా తెలుపును. ష్నైడరు ట్రోఫీ పందెమునకు పోవు నీటి విమానము కొరకు రోల్స్‌రాయిస్ కంపెనీ 1929లో ‘ఆర్’ అను పేర ఒక ఇంజనును నిర్మించెను. సిలిండర్లు పన్నెండు, పరిమాణము ఇంచుమించు 37 లీటర్లు. 1931 నాటికి దాని శక్తి 2300 అశ్వశక్తిని చేరెను. అంత ఇంజనునకు తగిన రేడియేటరును ముందు కట్టినచో గాలి నిరోధము వలన వేగము పోవును. విమాన నిర్మాత రెజినాల్డ్ మిచ్చెల్ రెక్కల పైరేకునే రేడియేటరుగా మార్చెను. రెండు పలుచని రేకుల నడుమ నీరు ప్రవహించుచు, రెక్కను తాకు గాలికి వేడినిచ్చుచుండెను. ఆ విమానమునకు ‘ఎగురు రేడియేటరు’ అను పేరు వచ్చెను.

అదే రకపు ఇంజనును మాల్కం క్యాంప్‌బెల్ తన ‘బ్లూ బర్డ్’ కారులో నమర్చి, 1935 సెప్టెంబరు 3న అమెరికాలోని బొన్నెవిల్ ఉప్పు మైదానమున గంటకు 484 కిలోమీటర్ల వేగమును అందుకొనెను. ఆ కారునకు రేడియేటరు కలదు; కాని దాని నోటికి ఒక తలుపు అమర్చియుండెను. వేగమును కొలుచు కొద్ది క్షణములు నడుపువాడు ఆ తలుపును మూసి గాలి నిరోధమును తగ్గించుకొనును. అంతసేపు వేడినంతయు లోపలి నీరే దాచుకొనవలసినది. తిరిగి 1937 సెప్టెంబరు 1న మజియోరె సరస్సుపై, ‘బ్లూ బర్డ్’ పేరుగల పడవలో, ఈ రకపు ఇంజనుతోనే క్యాంప్‌బెల్ గంటకు 203 కిలోమీటర్ల వేగమున పోయి అప్పటి నీటి వేగపు రికార్డును నెలకొల్పెను. ఈసారి చుట్టును సరస్సే యున్నది. రెక్కల రేకులతో గాని, తలుపులతో గాని పనిలేదు. అయితే ఇక్కడ మరియొక చిక్కు కలదు.

పడవ అడుగున ముందుకు నోరు తెరచిన గొట్టము నుంచినచో, పంపు లేకుండగనే వేగము వలన నీరు లోనికి దూరును. ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ పీటో 1732లో నదీ వేగమును కొలుచుటకు వాడినది ఇట్టి గొట్టమునే. ఆ నీటి పీడనము వేగపు వర్గమును అనుసరించి పెరుగును. గంటకు 36 కిలోమీటర్ల వేగమున అది అర వాతావరణ పీడనము. 72 కిలోమీటర్ల వేగమున రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, అనగా రెండు వాతావరణ పీడనములు. 108 వద్ద నాలుగున్నర. మజియోరె సరస్సు నాటి వేగమున లెక్కకు వచ్చునది ఇంచుమించు పదునారు వాతావరణ పీడనములు! దానిని అట్లే ఇంజనులోనికి వదలినచో గొట్టములు ఊడును, గాస్కెట్టులు చినుగును. పడవ నిలిచియున్నప్పుడు మాత్రము అదే గొట్టము చుక్క నీటినైన ఈయదు. కావున మెల్లగా పోవునప్పుడు నీరు తెచ్చుటకు పంపును, వేగమున వచ్చు అధికపు నీటిని ప్రక్కదారిన వెలుపలికి వదలుటకు స్ప్రింగు కవాటమును, రెండును కావలెను. పెద్ద గొట్టము, పెద్ద పంపు కొని తెచ్చి, ఈ చిన్న కవాటమును మరచినవారికి ఇబ్బంది తప్పదు.

ముల్లు చెప్పు మాట

మార్పులు చేయుటకు ముందు, ఇంజను ఎప్పుడు వేడెక్కుచున్నదో గమనించుట అవసరము. రోగి జ్వరము ఏ వేళ వచ్చుచున్నదో వైద్యుడు అడిగినట్లే ఇది. మెల్లగా పోవునప్పుడే వేడెక్కుచున్నచో తప్పు చాలవరకు పంపులో నుండును. సముద్రపు నీటి పంపులో రబ్బరు రెక్కల చక్రము తిరుగుచుండును. ఆ రెక్కలకు నీరే కందెన. నీరు లేక కొద్దిసేపు తిరిగినను అవి కాలి తెగిపోవును. చక్రమును మార్చునప్పుడు తెగిన రెక్కల ముక్కలన్నియు దొరికినవో లేదో లెక్కచూడవలెను. దొరకని ముక్క ఎక్స్‌చేంజరు గొట్టములో అడ్డుపడియుండును. కొత్త చక్రము వేసినను రోగము కుదురదు.

పూర్తి వేగమున మాత్రమే వేడెక్కుచున్నచో ఎక్స్‌చేంజరు చాలకపోవుటయో, పంపునకు ముందున్న మెత్తని గొట్టము పీల్పునకు లోనికి అణగిపోవుటయో కారణము కావచ్చును. పడవ కెరటములపై ఎగురునపుడు ముల్లు పైకిపోయి, శాంతించినపుడు దిగుచున్నచో, నీటితో పాటు గాలి లోనికి పోవుచున్నదని ఊహింపవచ్చును. రోజురోజుకు కొద్దికొద్దిగా హెచ్చుచున్నచో అది పొలుసు పని. హఠాత్తుగా హెచ్చినచో వడపోత గిన్నెలో నాచో, ప్లాస్టిక్కు సంచియో చుట్టుకొనియుండును.

నీటిముల్లు ఒక్కటియే చాలదు. పిస్టనుల వేడిలో కొంత భాగమును మోయునది నూనె. శక్తి పెరిగిన ఇంజనులో నీరు 75 డిగ్రీలు చూపుచున్నను, నూనె ఎంతో ఎక్కువ వేడెక్కి పలుచనై బేరింగులను కాపాడలేకపోవచ్చును. అందుచే నూనెకు వేరొక చల్లార్చు పేటికయు, వేరొక వేడిమానియు ఉండవలెను. పొగగొట్టపు రబ్బరు భాగమునకు ముందు ఒక హెచ్చరిక గంటను తగిలించుట మరియు ముఖ్యము. సముద్రపు నీరు ఆగినచో ముందుగా కాలునది ఆ రబ్బరే. అది కాలినచో పడవ లోపలికి మంటయు, మంటకంటె మోసకరమైన కార్బను మోనాక్సైడు వాయువును చేరును. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు.

పరుగు ముగిసిన వెంటనే ఇంజనును ఆపరాదు. ఆపిన మరుక్షణమున పంపు నిలిచిపోవును; హెడ్డులోని ఇనుములో నిండియున్న వేడి మాత్రము నిలిచియున్న నీటిలోనికి దిగుచునే యుండును. ఆగిన ఇంజనులో ముల్లు పైకి లేచుటకు కారణమిదే. అనుభవజ్ఞులు రేవు చేరునపుడు చివరి కొద్ది నిమిషములు ఇంజనును మెల్లగా నడిపి, లోపలి వేడి తగ్గిన పిదప ఆపుదురు. సూటి పద్ధతి గల పడవ సముద్రమునుండి వచ్చినచో, ఒడ్డున కుళాయి గొట్టమును పంపునకు తగిలించి, థర్మోస్టాటు తెరచుకొని మంచినీరు అన్ని దారులలోను పారువరకు ఇంజనును త్రిప్పుదురు. అది తెరచుకొనకముందే ఆపినచో సముద్రపు నీరు లోపలనే మిగిలిపోవును.